సున్నపు మచ్చలు

పెంచలకృష్ణకు పామన్నా చీకటన్నా లెక్కలేదు. చిల్లకూరుకు తూర్పున ఉప్పుటేటి పక్కన రొయ్యల గుంటలకు కాపలా ఉండేవాడికి ఆ భయాలుంటే పూట గడవదు. మనిషి నవ్వడం కూడా తక్కువే. భుజాన తువ్వాలు లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరు. అంతటివాడు ఎనిమిదేళ్ల కూతురు వెన్నెల నవ్వితే గజగజలాడాడు.

ఆ పిల్ల నవ్వినప్పుడు చేతికందిన గుడ్డ చివర రెండు వేళ్లకు చుట్టుకుని, పై పెదవికి ఆనించి, తల పక్కకు తిప్పుకుంటుంది. అచ్చం అతని తల్లి వెంకటశేషమ్మ కొంగుతో చేసినట్టే. అతనికి ఊహ తెలియకముందే ఆమె ముందుపళ్లు ముక్కలు ముక్కలుగా రాలిపోయాయి. ఆ తర్వాత ఆమె నోరు కన్నబిడ్డ కూడా చూడలేదు. వెన్నెల పుట్టకముందే ఆమె పోయింది.

"ఎవురు నేర్పినారు నీకు అట్టా నవ్వేది?"

"ఎవురూ నేర్పలా నాన్నా."

పెదవి ఎత్తి చూశాడు. కొత్తగా వచ్చిన ముందుపళ్ల మీద, చిగుళ్ల పక్కన, సున్నం చుక్క పెట్టినట్టు తెల్ల మచ్చలు. అమ్మకూ మొదట ఇట్లాగే వచ్చాయని ఇంట్లో చెప్పుకునేది గుర్తొచ్చింది. పోయిన మనిషి తన నోటిని ఈ పిల్లకు ఇచ్చి పోయిందా?

గూడూరులో పళ్ల డాక్టరు భానుప్రియ పిల్ల నోట్లోకి గొట్టంతో గాలి కొట్టింది. లేవనుకున్న చోట కూడా మచ్చలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "తడిలో దాక్కుంటాయి, ఆరితే కనపడతాయి" అందామె. పెంచలకృష్ణ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పన్ను పైపొరలో ఖనిజం కరిగిపోతోందని, ఇంకా గుంత పడలేదు కాబట్టి కొంతైనా తిరిగి పట్టుకుంటుందని ఆమె చెప్పింది. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు రాసిచ్చింది. బఠాణీ గింజంత వేసి పొద్దునా రాత్రీ తోమాలి, ఉమ్మెయ్యాలి, నీళ్లతో పుక్కిలించకూడదు. తీపి తగ్గించాలి.

"రొయ్యలకొచ్చే లూజ్ షెల్ రోగం మాదిరా మేడమ్? పెంకు మెత్తబడితే మేం గుంటలో మినరల్ చల్లతాం, గట్టిపడద్ది."

"ఆ, దాదాపు అంతే" అందామె, వెనక ఇంకో పేషెంటు ఉన్నందువల్ల.

ఆ 'దాదాపు' కొంప ముంచింది. పెంచలకృష్ణ పేస్టును దేవుడి ప్రసాదంలా చూసుకున్నాడు. నోరు పుక్కిలించకుండా కాఫీ ఎలా ఇస్తానని భార్య రేవతి గొడవపడినా వినలేదు. కానీ అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్య పెంకు విడుస్తుంది. ఆ రోజుల్లో ఒళ్లు మెత్తగా ఉంటుంది, గుంటలో వల వెయ్యరు, కదిలించరు. అందుకని ఆ రోజులకు అటూ ఇటూ బ్రష్షూ పేస్టూ తీసుకెళ్లి అటక మీద దాచేవాడు.

"ఈ రోజుల్లో పళ్లు మెత్తగా ఉంటాయి, తాకబాక" అనేవాడు పిల్లతో. పిల్లకేం, సంతోషంగా వినేది.

మళ్లీ వెళ్లేసరికి ఒక మచ్చ గరుకెక్కి గుంత పడింది. అటక సంగతి తెలిసి డాక్టరుకు కోపమొచ్చింది. "పన్ను రొయ్య కాదయ్యా! రొయ్యకు కొత్త పెంకొస్తుంది. ఈ పిల్లకి మళ్లీ పన్ను రాదు." గుంతను పేస్టు పూడ్చలేదని చెప్పి, తనే సిమెంటు పెట్టి పూడ్చింది. అతిజాగ్రత్తపడి కూతురి పన్ను తినేసిన తండ్రిని ఏమని తిట్టగలం? ఇంటికొచ్చేదాకా అతనే తన్ను తాను తిట్టుకున్నాడు.

ఆ తర్వాత అమావాస్య లేదు, పౌర్ణమి లేదు. నెలలు గడిచాక డాక్టరు మళ్లీ గాలి కొట్టింది. కొన్ని మచ్చలు బయటికి రాలేదు. ఉన్నవి కూడా సున్నంలా లేవు, నున్నగా మెరుస్తున్నాయి. "ఆగిపోయింది. తోమడం మాత్రం ఆపబాకండి" అందామె.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్లు గుంట గట్టు మీదికి వచ్చారు. ముందురోజే అమావాస్య. విడిచిన పెంకులు మీసాలతో సహా, లోపల ఏమీ లేకుండా, గట్టు వారన తేలుతున్నాయి. వాటి మీదికి ఉరికిన కొంగ బురదలో జారి బోర్లాపడింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. వెన్నెల చున్నీ చివర వేళ్లకు చుట్టుకుని పెదవికి ఆనించింది.

పెంచలకృష్ణ నవ్వు ఆగిపోయింది. "ఇంక దాచుకునేదానికి ఏముందమ్మా? అచ్చం మీ నాయనమ్మ మాదిరి..."

"నాయనమ్మ నాకేం తెలుసు? నీ మాదిరి కదా!"

వెన్నెల వేలు చూపించింది. తువ్వాలు చివర అతని రెండు వేళ్లకు చుట్టుకుని పై పెదవి మీదే ఉంది. అది అక్కడికి ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు.

"నువ్వు ముందు తియ్యి నాన్నా."

తీశాడు. అమ్మ పోలికే ఉన్న తన ముఖం, విరిగిన ముందుపళ్లతో నవ్వుతూ నీళ్లలో కనిపించింది. వెంకటశేషమ్మ కొంగు అడ్డం లేకుండా నవ్వడం అతను చూసింది అదే మొదటిసారి.