ఇరవై మూడు రోజుల వంతు

సైన్యంలో నాకు పడిన మొదటి డ్యూటీ కాచుకోవడం. పోస్టింగు మా ఊరే. పదమూడు నెలలు.

ఆగస్టు చివర, ఉదయం ఆరున్నరకు నాయుడుపేట స్టేషన్లో దిగాను. బెంగళూరులో ఐదు రోజుల ఇంటర్వ్యూ, తర్వాత ఆస్పత్రిలో మెడికల్. రెండూ పాసయ్యాను. చేతిలో ఒక ఎయిర్ బ్యాగు, అందులో రెండు జతల బట్టలు, తెల్ల కాన్వాసు బూట్లు. చిట్టమూరు మీదుగా బస్సు గంటంబావు పట్టింది. బస్సు దిగాక కట్ట మీద రెండు కిలోమీటర్ల నడక. ఎడమ పక్క ఉప్పు నేల, కుడి పక్క పులికాట్ నీళ్లు. వాన పడి నెల దాటింది, నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి.

ఇంటి ముందు యాభైమంది నిలబడి ఉన్నారు. ముందు రోజు ఫోన్లో అమ్మతో "సెలెక్ట్ అయినానమ్మా" అన్నాను, అంతే. ఆ ఒక్క ముక్క తెల్లారేలోగా ఊరు చుట్టి వచ్చింది. ఎవరో దండ వేశారు. మా నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఆయన చొక్కా వేసుకోవడం నేను చూసింది పెళ్లిళ్లలోనే.

అక్కడ జరిగిన పొరపాటు చెప్పాలంటే ముందు మా ఊరి పద్ధతి చెప్పాలి. సరస్సులో పోటు తీసేటప్పుడు, అంటే నీళ్లు సముద్రం వైపు లాగేటప్పుడు, రొయ్య దిగే కాలవలు మా ఊరికి నాలుగున్నాయి. ఇళ్లలో వంతు ఉన్నవి ముప్పై రెండే. రోజుకు నాలుగిళ్లు, నాలుగు కాలవలు, అంటే ఎనిమిది రోజులకొకసారి ఒక ఇంటి వంతు. ఏ రోజు ఎవరిదో ఏటా సెప్టెంబరులో చీట్లు వేసి తేలుస్తారు. కొత్తగా వంతు కావాలంటే పాతది ఒకటి ఖాళీ అవ్వాలి. ఆ ఇంట్లో మగమనిషి పోయినా ఖాళీ అవుతుంది, ప్రభుత్వ ఉద్యోగం వచ్చినా ఖాళీ అవుతుంది. సర్కారు జీతం, సరస్సు వంతు రెండూ ఒక ఇంట్లో ఉండకూడదని కట్టుబాటు.

మా వంతు నా పేరు మీద ఉంది. నాయనకు కుడి భుజం పట్టేసి నాలుగేళ్లయింది, పడవకు గడ వెయ్యలేడు.

ఆ రోజు పదింటికి వలల పాకలో నాయన లేచి నిలబడ్డాడు. ఎదురుగా పెద్దకాపు. మా రేవు ఊళ్లలో కాపు అంటే కులం కాదు, ఊరి పెద్ద.

"మావోడు ఆఫీసరు అయినాడు. వంతు ఊరికి అప్పజెప్తుండా" అన్నాడు నాయన.

నాకు తెలుసు. నేను అయింది ఆఫీసరు కాదు, 'రికమెండెడ్'. ఆ తర్వాత మెరిట్ లిస్టు రావాలి. అందులో పేరుండాలి. ఉంటే జాయినింగ్ లెటరు రావాలి. ఖాళీలు తక్కువైతే అంతా వట్టిదే. నాకు వయసు మిగిలింది ఈ ఒక్క లిస్టుకే. ఇదంతా అక్కడ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ పూట అందరూ నన్ను ఆఫీసరు, ఆఫీసరు అంటుంటే నోరు రాలేదు. సిగ్గు పడాల్సిన మాటే, దాచను.

వంతు పోలయ్యకు పోయింది. నాకు అన్న వరస. పదకొండేళ్లుగా ఖాళీ కోసం కాచుకున్నాడు, అడక్కుండా, తగవు పెట్టుకోకుండా. ఆ రోజు నా రెండు చేతులూ పట్టుకుని, "నీ పుణ్యం అబ్బయ్యా" అన్నాడు.

మొదటి రెండు నెలలు మజాగానే గడిచాయి. నాలుగున్నరకు లేచేవాణ్ని. కట్ట మీద ఐదు కిలోమీటర్ల పరుగు, నూరు దండీలు, ఎనిమిదింటికి పేపరు. కట్ట తూము దగ్గర మాత్రమే సిగ్నల్ అందేది. అక్కడ నిలబడి ఫోన్లో లిస్టు చూసేవాణ్ని. రాలేదు. సాయంత్రం మళ్లీ చూసేవాణ్ని. రాలేదు. "ఎప్పుడు పోతుండావు అబ్బయ్యా?" అని దారిలో పదిమంది అడిగేవాళ్లు. మూడో నెలలో అడగడం మానేశారు. అది ఇంకా కష్టంగా ఉండింది.

నవంబరులో కృష్ణపట్నం పోయాను. రేవులో ఒక కాంట్రాక్టరు దగ్గర గేటు డ్యూటీ దొరికింది. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు. నీలం చొక్కా, హెల్మెట్టు, విజిలు, వాకీటాకీ. బొగ్గు లారీలు వరసలో వస్తాయి. చీటీ చూడాలి, నంబరు రాయాలి, గేటు ఎత్తాలి. పదింటికల్లా ఉమ్మితే నల్లగా పడేది.

మా షిఫ్టుకు పెద్ద, సైన్యంలో చేసి వచ్చిన ఒక పాత హవల్దారు. వెంకటాచలం మనిషి, ఇరవై నాలుగేళ్ల సర్వీసు, తెల్ల మీసం. నా కథంతా విన్న రోజు కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అట్టుండాది మీ నాయన పని."

నాకు ఒళ్లు మండింది. కానీ నవ్వడం అయ్యాక ఆయనే టీ ఇప్పించాడు. మర్నాటి నుంచి వాకీటాకీలో నన్ను పట్టుకుని ఆడుకునేవాడు.

"గేట్ టూ, లైన్లో ఎన్ని బండ్లు? ఓవర్."

"పద్దెనిమిది. లిస్టు రాలేదన్నా. ఓవర్."

"లిస్టు సంగతి నేనడగలా. బండ్లు వదులు. ఓవర్."

ఫోన్ చూడ్డానికి ఆయనే నాకు ఆర్డరు వేశాడు. సోమవారం పదింటికి ఒక్కసారి. మిగతా ఆరు రోజులూ బంద్. "మూత తీసి తీసి చూస్తే అన్నం ఉడకదబ్బయ్యా" అనేవాడు. మొదటి వారం చేతులు పీకాయి. మూడో వారానికి నిద్ర పట్టింది. ఇంకొక మాట కూడా చెప్పాడు. ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి చేతులు కడుక్కుంటుంటే, ఉన్నట్టుండి అన్నాడు:

"కాచుకునేటప్పుడు ఎవురికీ కొత్తగా మాట ఇయ్యబాక. నీ మాట ఆడ సైన్యానికి ఆల్రెడీ ఇచ్చేసుండావు. ఉన్నది ఒకటే మాట."

విన్నాను. తలూపాను. అర్థమైందనే అనుకున్నాను.

జనవరిలో రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వచ్చాను. కట్ట మీద నడుస్తుంటే పోలయ్య పడవ ఎదురొచ్చింది. అందులో మా నాయన. డబ్బాతో నీళ్లు తోడి పోస్తున్నాడు. వంతు వదిలిన మనిషి కూలికి పోవాల్సిందే కదా, నాకది తెలియక కాదు. కానీ చూడ్డం వేరు. పోలయ్య ఆయన్ని వెనక పీట మీద కూర్చోబెట్టాడు, అది యజమాని చోటు. అయినా పడవ ఒడ్డుకు తగలగానే ముందు దూకి తాడు పట్టింది నాయనే. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆ పూట నేను అన్నం తినలేదు.

వేసవి పోయింది. జూలై, ఆగస్టు. లిస్టు లేదు. సైన్యం ఆఫీసుకు ఫోన్ చేస్తే 'ప్రాసెస్‌లో ఉంది' అన్నారు. ఓపిక పట్టండి అన్నారు. ఓపిక పట్టండి అనేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. అది చెప్పేవాడికి నెలనెలా జీతం వస్తుంటుంది.

సెప్టెంబరులో చీట్లు వేసే ముందు పెద్దకాపు కబురు చేశాడు. పోయాను. పాకలో ఆయన, నాయన, పోలయ్య, ఇంకో నలుగురు.

"ఏడాదయింది. ఉద్యోగం రాలా. వంతు నీకు వాపసు తీసుకునే హక్కుండాది. కానీ సీజను మొత్తం ఉంటానని నీళ్లలో చెయ్యిపెట్టి చెప్పాల. ఇష్టమేనా?" అన్నాడు పెద్దకాపు.

రేపు చెప్తానన్నాను. తూము దగ్గరికి పోయి హవల్దారుకు ఫోన్ చేశాను.

"మాట ఇయ్యబాక అబ్బయ్యా" అన్నాడాయన, విషయం వినీ వినగానే.

"మా నాయన ఒకరి పడవలో నీళ్లు తోడుతుండాడన్నా."

"నీ ఇష్టం" అని పెట్టేశాడు.

ఇంటికొస్తే నాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడలేదు.

"నేను నిన్ను అడగను. అడిగే మొహం నాకు లేదు. ఆ రోజు తొందరపడింది నేనే. కానీ రెండో ఏడు కూడా ఒకరి పడవలో కూచోలేనబ్బయ్యా."

రెంటికీ చెడ్డ రేవడినై ఉన్నాను. లెటరు వస్తుందన్న నమ్మకం అప్పటికే సగం చచ్చిపోయింది. మర్నాడు ఏడింటికి నడుము లోతు నీళ్లలో దిగి, అరచెయ్యి ముంచి, సీజనంతా ఉంటానని చెప్పాను. ఒడ్డున పోలయ్య కొత్త వల మడత పెడుతున్నాడు. ఆ సీజను కోసమని ఎండాకాలమంతా కూర్చుని అల్లుకున్న వల.

"అబ్బయ్యదే గదా మొదట్నించీ. ఇచ్చేస్తుండా" అన్నాడు అందరితో. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

చీట్లు వేశారు, మూడో రోజు మా వంతు పడింది. తర్వాత పదకొండో రోజు, పందొమ్మిదో రోజు. గడ నేను వేశాను, వెనక పీట మీద నాయన. వల లాగుతుంటే పట్టేసిన భుజంతోనే నన్ను తిట్టాడు. "ఒరే, బొగ్గు లారీ కాదురా అది, మెల్లిగా లాగు!" ఏడాది తర్వాత ఆయన నోట తిట్టు విన్నాను. ప్రాణం లేచొచ్చింది.

ఇరవై మూడో రోజు సోమవారం. పదింటికి అలవాటుగా తూము దగ్గర ఫోన్ తెరిచాను. లిస్టులో నా పేరుంది. కింద జాయినింగ్ లెటరు కూడా ఉంది. ఐదు రోజుల్లో చెన్నైలో అకాడమీ గేటు దగ్గర హాజరు కావాలి.

గట్టిగా కేక పెట్టాను. కట్ట మీద ఉన్న కొంగలు లేచిపోయాయి. తూము చుట్టూ రెండుసార్లు పరిగెత్తాను. ఆ తర్వాత నీళ్లు కనపడ్డాయి, చెయ్యి ముంచిన చోటు.

సాయంత్రం పాకలో నిలబడ్డాను. తప్పు నాదే, పొమ్మంటే పోతాను, వంతు మాత్రం పోలయ్యకు తిరిగి ఇవ్వండి అన్నాను.

పెద్దకాపు తలడ్డంగా ఊపాడు.

"నువ్వు పో నాయనా. పోవాల్సిందే. ఊరికి గొప్ప. కానీ సీజను మధ్యలో మాట తప్పితే ఆ వంతు ఎవురికీ పోదు. సీజనయ్యే దాకా ఆ వంతు రోజు ఎవురూ వల దించగూడదు, ఎండాల్సిందే."

"అన్న ఏం చేసినాడు? తప్పింది నేను గదా!"

"ఒకరికి సడలిస్తే రేపు రెండు నెలలుండి పొయ్యేవాళ్లు పదిమంది తయారవుతారు. నువ్వు మాట ఇచ్చింది నాకు కాదు, నీళ్లకు. నీళ్లను నేనెట్టా ఒప్పించేది?"

పోలయ్య మూల కూర్చుని ఉన్నాడు. నేను పిరికితనంతో ఇంకొక్క నెల ఆగలేకపోయాను. దాని ఖరీదు ఆయన కట్టాడు. పదకొండేళ్లు కాచుకున్న మనిషికి దక్కింది ఒక్క సీజను, మళ్లీ ఇంకో ఏడాది కాచుకోవడం. ఆ ఏడు ఆయన సముద్రం పడవల్లో కూలికి పోయాడు.

ఇరవై ఏడో రోజు పొద్దున ఆరింటికి బయల్దేరాను. లెటర్లో చెప్పినట్టే నల్ల ఇనప ట్రంకు కొన్నాను. బరువు పద్దెనిమిది కిలోలు. నాయన ఆ భుజంతో ఎత్తలేడు. నేను వంగేలోపల పోలయ్య వచ్చి ట్రంకు నెత్తికెత్తుకున్నాడు.

"వద్దన్నా" అన్నాను.

"నడువు. బస్సు పోతాది."

"నా మీద కోపం లేదా అన్నా?"

"ఉండాది" అన్నాడు. నాలుగడుగులు వేశాక, "అయినా బస్సు పోతాది గదా" అన్నాడు.

అకాడమీలో నలభై తొమ్మిది వారాలు. తర్వాత పదేళ్ల సర్వీసు. మంచు పోస్టులు, ఎడారి, మళ్లీ మంచు. ఒక పోస్టులో పందొమ్మిది రోజులు హెలికాప్టరు కోసం కాచుకున్నాం. కుర్రాళ్లు గింజుకుంటుంటే హవల్దారు ఆర్డరే వాళ్లకూ వేశాను. ఆకాశం రోజుకు ఒక్కసారే చూడాలి, పదింటికి. వాళ్లు నన్ను తిట్టుకుని ఉంటారు. పని చేసింది మాత్రం నిజం.

మేజర్‌గా వచ్చేశాను. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. లెటరు కోసం కాచుకునే పిల్లలు ఫోన్ చేసి, "సార్, ఈ టైములో ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. పరిగెత్తండి, పని చూసుకోండి, వారానికి ఒకసారే ఫోన్ తెరవండి అంటాను. ఇంట్లోవాళ్లకు ఉన్నది ఉన్నట్టు మొదటి రోజే చెప్పండి అంటాను. మీ భయం పోగొట్టుకోవడానికి ఇంకొకరి చోటు తీసుకోబాకండి అని కూడా అంటాను. అది ఎందుకంటున్నానో వాళ్లకు తెలియదు.

సర్వీసు ముగిసి వచ్చిన వారం ఊరికి పోయాను. వంతు ఇప్పుడు పోలయ్యదే. జుట్టు నెరిసింది. పడవలో నన్ను వెనక పీట మీద కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు, ముందు నిలబడి గడ వేశాను. క్షమించమని అడిగాను. "ఒక సీజనే గదా అబ్బయ్యా, పోనీలే" అన్నాడు. ఆయన పోనిచ్చాడు. నాకే పోవడం లేదు.

ఎన్నో చూశాను సర్వీసులో. కళ్లు మూస్తే వచ్చేది మాత్రం నేను ఊరు వదిలిన ఆ పొద్దు. అది మా వంతు రోజు. బస్సు ఆగేది మా కాలవల పక్కనే, కిటికీలోంచి చూస్తున్నాను. పోటు తీస్తోంది. మా కాలవలో రొయ్య విపరీతంగా దిగుతోంది, నీళ్ల పైకి ఎగిరెగిరి పడుతోంది. మిగతా మూడు కాలవల్లో పడవలున్నాయి. మా దాంట్లో లేదు. నన్ను బస్సెక్కించిన పోలయ్య, మా నాయన ఒడ్డున పక్కపక్కన నిలబడి ఆ నీళ్లవైపే చూస్తున్నారు. పోలయ్య చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇద్దరిలో ఒక్కరూ దిగలేదు.