ఏఐ రాసిందని చెప్పాను

నాంపల్లిలో ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఉన్న కౌన్సెలింగ్ సెంటర్‌కు రెండేళ్లుగా సోషల్ మీడియా పోస్టులు చేసి పెడుతున్నాను. అంతకుముందు ఆబిడ్స్‌లో డీటీపీ పని. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు, దుకాణాల బోర్డులు. ఆ పని తగ్గాక అదే టేబుల్ మీద, అదే కంప్యూటర్‌లో ఏఐతో పోస్టులు తయారుచేయడం నేర్చుకున్నాను. మానసిక ఆరోగ్యం గురించి నాకేమీ తెలియదు. తెలియాలని అనిపించలేదు కూడా. విషయం టైపు చేస్తే నెలకు సరిపడా పోస్టులు అరగంటలో వచ్చేవి.

సెంటర్ నడిపే మేడంకు అవి నచ్చేవి కావు. 'మీ భావాలు విలువైనవి', 'ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకోండి' లాంటివి చూసి, "ఇవి ఎవర్ని తాకుతయండీ? బ్యాంకు క్యాలెండర్ మీద గూడ ఇవే ఉంటయి" అన్నారొకసారి. అయినా ఆపమనలేదు. ఒక షరతు మాత్రం పెట్టారు. ప్రతి పోస్టునూ బయటికి పంపేముందు రిసెప్షన్‌లో కూర్చునే ఆమెకు చదివి వినిపించాలి. ఆమెది మెదక్. సెంటర్‌కు వచ్చే ప్రతి మనిషీ ఆమెకు తెలుసు. వింటున్నప్పుడు వచ్చేవాళ్లలో ఎవరి ముఖమైనా ఆమెకు గుర్తొస్తే 'వద్దు' అంటుంది. ఎవరిదని మేము అడగకూడదు, ఆమె చెప్పకూడదు. ఆ పోస్టు తీసేయాలి.

ఆమె నిదానంగా వినేది. మధ్యలో ఫోన్ మోగితే మాట్లాడి వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదవమనేది. "నీ కంప్యూటర్‌కు ఉరుకులాట ఎక్కువన్నా. నా చెవులు మెదక్‌వి, జర మెల్లగ పోతయి" అనేది. పైకి నవ్వేవాణ్ణి. లోపల విసుక్కునేవాణ్ణి.

ఒక గురువారం ఆమెకు వినిపించడానికి ల్యాప్‌టాప్ పట్టుకుని బెంచీ చివర కూర్చున్నాను. అప్పుడు నలభై ఏళ్ల స్త్రీ ఒకామె వచ్చింది. దగ్గర్లోనే ఆఫీసులో పని. భర్త పోయి ఏడాది కాలేదు. నాలుగింటికి ఆమె వంతు. ఇంకా పది నిమిషాలుంది. రిసెప్షన్ ఆమెతో మాటల్లో పడింది.

"ఆఫీసు అయినంక ఇంటికి పోబుద్ధి కాదక్కా. చెప్పులు ఇడ్వంగనే మా అత్త కూసోవెట్టుకుంటది. ఆ దినం దవాఖానల ఏం జరిగిందో మళ్ల జెప్పు అంటది. రోజూ గదే. అందుకే ఇంటికి చాదర్‌ఘాట్ దాకా పోకుండ ముందే కోఠీల దిగిపోత. సుల్తాన్ బజార్ల గిన్నెల దుకాణాలు తిరుగుత. ఇంట్ల బస్సు లేటంటున్న."

"గిన్నెలు కొంటవా మరి?"

"ఏం కొంట? ధరలు అడుగుత. మొన్న ఒకాయన అన్నడు, 'అమ్మా, నువ్వు అడుగుడు మొదలువెట్టినంక గీ టిఫిన్ డబ్బా రేటు రెండుసార్లు పెరిగింది, ఇగనన్న తీస్కో' అని."

ఇద్దరూ నవ్వారు. లోపలికి వెళ్లి చెప్పాల్సిన మాటలకు ముందు ఆమెకు ఆ నవ్వు అవసరమేమో. నాకు ఆ ఆలోచన రాలేదు. ఇది క్యాలెండర్ మీద ఉండదు అన్న ఆలోచన వచ్చింది.

తిరిగి వచ్చి విన్నదంతా ఏఐకి టైపు చేశాను. కోఠీ తీసేశాను, సుల్తాన్ బజార్ తీసేశాను. జాగ్రత్తపడ్డాననుకున్నాను. పోస్టు వెంటనే వచ్చింది. 'ఇంటికి చేరకముందే బస్సు దిగిపోతున్నారా? కొనని టిఫిన్ డబ్బా ధర రోజూ అడుగుతున్నారా? ఇంట్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఒక ప్రశ్న నుంచి తప్పించుకుంటున్నారా?' కింద సెంటర్ ఫోన్ నంబరు.

రిసెప్షన్ ఆమె శుక్రవారం నుంచి మూడు రోజులు సెలవు. మెదక్‌లో చెల్లెలి పెళ్లి. ఉంటే వద్దనేదని నాకు తెలుసు. లేదని సంతోషించాను. పోస్టు పెట్టేశాను. ఎన్నడూ లేనట్టు జనం చదివారు, 'ఇది నా కథే' అని రాశారు, తమ వాళ్లకు పంపుకున్నారు.

సోమవారం ఉదయం మేడం పిలిపించారు. ఆ పోస్టు తన గురించేనని ఒకామె ఫోన్ చేసిందట.

"ఇది ఎవరు రాసిన్రు?"

"ఏఐ రాసింది మేడం."

"టిఫిన్ డబ్బా మాట గూడనా?"

"ఔ మేడం. అది గట్లనే కథలు అల్లుతది. కోట్ల మంది రాతలు చదివింది గద, ఎవరికో ఒకరికి కలుస్తది."

ఆలోచించుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది. మేడంకు ఆ సాధనాల సంగతి తెలియదు. నా మాట నమ్మారు. నేను పోస్టు తీసేస్తుండగానే ఆ స్త్రీకి ఫోన్ చేసి, ఇది మెషిన్ రాసింది, అనుకోకుండా కలిసింది అని చెప్పారు.

మధ్యాహ్నం రిసెప్షన్ ఆమె పెళ్లి గాజులతోనే డ్యూటీకి వచ్చింది. తన ఫోన్‌లో ఎవరో పంపిన పోస్టు చదివి నా వైపు చూసింది.

"ఆ దినం నువ్వు గీడనే కూసున్నవ్ గదన్నా."

ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాను.

"నువ్వే జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

గురువారం దాకా ఆగమన్నాను. ఎందుకు గురువారం అంటే నాకూ తెలియదు. ఆ మూడు రోజులూ రోజూలాగే తిన్నాను, పనిచేశాను. ఒక పూట క్షమాపణ రాసిపెట్టమని ఏఐనే అడిగాను. మూడు రకాలుగా రాసిచ్చింది. రెండోది బాగుందనిపించి కొంచెం కుదించాను కూడా. తర్వాత మూడూ చెరిపేశాను.

గురువారం నాలుగింటికి తన వంతుకు ఆ స్త్రీ రాలేదు. మేడం తలుపు తెరిచి ఉంచి ఒక్కరే కూర్చున్నారు. నాలుగుంపావుకు లోపలికి వెళ్లి చెప్పాను. నా అంతట నేను వెళ్లానని చెప్పుకోలేను. బయట రిసెప్షన్ ఆమె నన్నే చూస్తోంది.

మేడం అరవలేదు. "అంటే నేను ఆమెకు అబద్ధం చెప్పిన" అన్నారు.

"నేనే పోయి క్షమించమని అడుగుత మేడం."

"వద్దు. ఆమెకు మీరెవరో తెల్వదు. మిమ్మల్ని ఓదార్చే పని గూడ ఆమెకెందుకు?"

నన్ను బయటికి పంపి, తలుపు వేసుకుని ఆమెకు ఫోన్ చేశారు. అరగంట తర్వాత వచ్చారు. "మీకు చెప్పమన్నది, అందుకే చెప్తున్న" అని మొదలుపెట్టారు.

పోస్టు వాళ్ల ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చింది. ఆడబిడ్డ దాన్ని అందరి ముందూ పైకి చదివి, "గిది నీ లెక్కనే ఉంది వదినా, నీకు గూడ రోజూ బస్సు లేటే గద" అని నవ్వింది. అత్త చివరిదాకా విన్నది. "నేను అడుగుతున్ననని ఇంటికి రావుడు మానేసినవా బిడ్డా?" అన్నది. ఆ రోజు నుంచి ఆ ముసలామె కొడుకు పేరు ఎత్తడం లేదు. కోడలు తానుగా మొదలుపెట్టినా ముఖం తిప్పుకుని పడుకుంటోంది. ఇంట్లో ఆయన మాట అనేదే లేకుండా పోయింది.

"ఆమె మళ్ల వస్తదా మేడం?"

"అడగలే."

ఇది జరిగి ఏడు నెలలైంది. ఆమె రాలేదు. మేడం నన్ను మానిపించలేదు. ఇప్పుడు సెంటర్ వేళలు, సెలవు రోజులు మాత్రం పోస్టు చేస్తాను. వాటికి ఏఐ అక్కర్లేదు.

మొన్న సెలవుల వివరాలు తీసుకోవడానికి వెళ్లాను. ఒక పెద్దాయన బెంచీ మీద కూర్చుంటూ, గౌలిగూడలో తన బస్సు పాస్ ఎట్లా పోయిందో చెప్పబోయాడు. మాటకారిలా ఉన్నాడు. రిసెప్షన్ ఆమె రిజిస్టర్‌లోంచి తల ఎత్తలేదు.

"గీడ వద్దు పెద్దనాయినా. ఏమున్నా లోపట జెప్పున్రి."

ఆయన సరేనని ఊరుకున్నాడు. నేను వివరాలు రాసుకుని వచ్చేశాను.