శుక్రుడుగారి చివరి జవాబు

ఆకాశం గురించి జనం రాసే ఉత్తరాలన్నీ చివరికి ఒక కిటికీ లేని గదిలోకి వచ్చి చేరేవి. వైమానిక దళం వారి కార్యాలయంలో, రెండో అంతస్తులో, విరిగిన కుర్చీలు పేర్చిన నడవా చివర ఉండేదా గది. అందులో ఒక బల్ల, బల్ల మీద ఒక దీపం, దీపం కింద నున్నగా మెరిసే ఒక బట్టతల. ఆ తల ఎప్పుడూ వంగే ఉండేది. మెడనొప్పి అనేవారాయన. ఆకాశంలో ఎవరికి ఏం కనబడిందో ఇరవై ఆరేళ్ళుగా తేల్చి చెబుతున్న ఆ గుమాస్తాగారు, అన్నేళ్ళలోనూ తలెత్తి పైకి చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పని మాత్రం నిష్ఠగా చేసేవారు. ఎవరో ఎక్కడో మేడ మీద నిలబడి, ఆకాశంలో పేరు తెలియని వెలుగొకటి చూస్తారు. భయపడి, లేదా మురిసిపోయి, దళానికి ఉత్తరం రాస్తారు. శుక్రుడుగారు వారికి నాలుగు పేజీల ఫారం పంపుతారు. అది నిండి తిరిగి వచ్చాక రాడార్ కాగితాలు, వాతావరణ శాఖ బెలూన్ల జాబితా, గ్రహాల పట్టికలు ముందేసుకుని కూర్చుంటారు. ముప్పై రోజులు తిరక్కుండా జవాబు వెళ్ళిపోతుంది. ఉత్తరాల్లో సగానికి పైగా "మీరు చూసినది శుక్రగ్రహం" అనే జవాబు వెళ్ళేది కాబట్టి ఆఫీసులో అందరూ ఆయన్ని శుక్రుడుగారు అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత మొహం మీదే అన్నారు. ఇంకొన్నాళ్ళకి ఫోనెత్తి ఆయనే "శుక్రుణ్ణి మాట్లాడుతున్నా" అనేవారు.

జవాబుల కోసం ఆయన దగ్గర రబ్బరు ముద్రలు ఉండేవి. 'శుక్రగ్రహం' ముద్ర అరిగి అరిగి సబ్బు ముక్కలా నున్నబడింది. 'విమానం', 'బెలూన్', 'పక్షులు' ముద్రలకీ బాగానే పని పడేది. పెట్టె అడుగున మాత్రం ఒక ముద్ర, తయారుచేసిన వాళ్ళు చుట్టిన కాగితంలోనే, విప్పకుండా పడుకుని ఉండేది. దాని మీద ఉన్న మాట 'తెలియదు'.

మూడు వేల నూట పద్దెనిమిది ఉత్తరాలకి జవాబు రాసి, ఆ ముద్ర ఒక్కసారి కూడా ముట్టుకోలేదని ఆయన గర్వం. ఆ నెలాఖరుకి ఆయన పదవీ విరమణ. దాంతోనే ఆ విభాగం కూడా ఎత్తేస్తున్నారు. ఆ రోజు ఇవ్వడానికి పై అధికారులు ఇత్తడి ఫలకం చెక్కించేశారు కూడా: "ఇరవై ఆరేళ్ళు. ఒక్క 'తెలియదు' కూడా లేకుండా."

సరిగ్గా ఇటువంటప్పుడే ఆయన భార్యకి ఆకాశంలో ఏదో కనబడింది.

ఆవిడ దర్జీ పని చేస్తారు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను, గోడకి చొక్కాల కాగితపు నమూనాలు, గుండీల డబ్బా. మనిషి గుమ్మంలో నిలబడగానే టేపు తీయకుండానే ఛాతీ కొలత చెప్పగలరు. చుట్టుపక్కల నాలుగు వీధులకీ ఆవిడ కంటి మీద నమ్మకం. ఒక్క ఆయనే మినహాయింపు.

ఆ ఉదయం మేడ మీద బట్టలు ఆరేసి, ఖాళీ బకెట్టుతో గబగబా దిగివచ్చారు.

"ఏవండీ, నీళ్ళ ట్యాంకు పైన ఏదో దీపంలా వేలాడుతూ ఉందండీ. చాలాసేపు ఉంది. తర్వాత పక్కకి జారి పోయింది."

ఆయన కాఫీ కప్పు దించకుండానే, "శుక్రుడు," అన్నారు.

"మీరు చూడనైనా లేదు కదా!"

"చూడక్కర్లేదోయ్. నువ్వు చెప్పావుగా."

ఆవిడ బకెట్టు కింద పెట్టారు. మిషను ముందు కూర్చుని, ఎవరిదో కాలరు అవసరం కన్నా గట్టిగా కుట్టేశారు. మూడో రోజున శుక్రుడుగారి బల్ల మీద తపాలాలో ఒక ఉత్తరం పడింది. చేతిరాత చూడగానే ఆయన కవరు తిప్పి పంపినవారి చిరునామా చూశారు. తన ఇంటి చిరునామా నుంచి తన ఆఫీసుకి, సరిపడా తపాలా బిళ్ళలు అంటించిన ఉత్తరం.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అడిగారు. "ఇదేం పనోయ్? పరువు తీస్తావా?"

"ఊరందరికీ కాగితం మీద జవాబు రాస్తారు. నాకు మాత్రం కాఫీ కప్పు వెనకాల నుంచి చెబుతారు. నాకూ కాగితమే కావాలి."

"నలుగురూ నవ్వరూ?"

"ఆ నలుగురికీ చొక్కాలు కుట్టేది నేనే. నవ్వమనండి చూద్దాం."

నిబంధన ప్రకారం ఉద్యోగి బంధువులు పంపిన ఉత్తరాన్ని ఒక అధికారి సమక్షంలో, స్థలానికి వెళ్ళి విచారించాలి. అలా కొత్తగా చేరిన ఒక ఆఫీసరమ్మాయిని ఆయనతో పంపారు. ఆఫీసు నుంచి ఇంటికి నడిస్తే పది నిమిషాలు. అయినా విచారణకి జీపులోనే వెళ్ళాలి కాబట్టి జీపెక్కారు. డ్రైవరు "ఎక్కడికి సార్?" అంటే, శుక్రుడుగారు ఫైలు తెరిచి, చిరునామా పూర్తిగా చదివి వినిపించారు.

ఆవిడ కుర్చీలు తుడిచి సిద్ధంగా ఉంచారు. ఆయన తన ఇంట్లో తాను అతిథిలా కూర్చుని, కలం టోపీ తీసి, గొంతు సవరించుకున్నారు.

"మీ వయసు?"

"ఇదేమిటి, నన్ను 'మీరు' అంటున్నారు! మీకు తెలీదా?"

"ఫారంలో రాయాలి."

"అయితే మీరే అంచనా వేసి రాయండి. ధైర్యం ఉంటే."

ఆఫీసరమ్మాయి దగ్గు తెచ్చుకుంది. ఆయన ఆ గడి ఖాళీగా వదిలి కిందికి వెళ్ళారు.

"చూపు ఎలా ఉంది?"

"మీ చొక్కా గుండీలు ఎవరు కుడుతున్నారనుకుంటున్నారు?"

'చూపు మంచిది' అని రాసుకున్నారు.

"ఇంతకు ముందెప్పుడైనా ఇతరులకి కనబడనివి కనబడ్డాయా?"

"ఆహా. మీ అక్కయ్యగారు జుట్టుకి రంగు వేస్తున్నారని పెళ్ళినాడే చెప్పాను. అలాంటిదేం లేదన్నారు మీరు. పదేళ్ళకి ఆవిడే ఒప్పుకున్నారు."

"అది ఆకాశానికి సంబంధించినది కాదు."

"కనబడటానికి సంబంధించినదే కదా!"

ఆఫీసరమ్మాయి ఇక ఆగలేక తానే అందుకుంది. "ఆంటీ, చెయ్యి చాపి పట్టుకుంటే అది ఎంత ఉండొచ్చు?"

ఆవిడ గుండీల డబ్బా తెరిచి, వేళ్ళతో కలియబెట్టి, ఒక దాన్ని ఏరి చేతిలో పెట్టారు. "ఇదుగో, ఇంత. చేతిపట్టీకి వేసేది కాదమ్మా, ఛాతీ మీద వేసేది. రంగు పండు నారింజ. అంచులు ఇస్త్రీ చేసినట్టు నీటుగా ఉన్నాయి."

శుక్రుడుగారు గుండీని చిన్న కవరులో వేసి, అంటించి, మీద 'ఆధారం' అని రాశారు.

"ఎంతసేపు కనబడింది ఆంటీ?"

"ఏడు బట్టలు ఆరేసినంత సేపు. రెండు దుప్పట్లు, అయిదు చొక్కాలు."

అమ్మాయి ఆవిడ చేత మళ్ళీ ఏడు బట్టలు తడిపించి, మేడ మీద ఆరవేయించి, చేతిగడియారం పట్టుకుని నిలబడింది. నాలుగు నిమిషాల పది సెకన్లు. శుక్రుడుగారు క్లిప్పులు అందించారు.

"చప్పుడు?"

"లేదు. దారం తెగి గుండీ జారినట్టు, ఉన్నట్టుండి పక్కకి పోయింది. అప్పుడు టైము అయిదూ యాభై."

మర్నాడు ఆఫీసులో ఆయన పట్టికలు విప్పారు. మొదటి దెబ్బ మొదటి పేజీలోనే తగిలింది. ఆ వారమంతా శుక్రుడు సాయంత్రం పూట మాత్రమే కనబడతాడు. తెల్లవారుజామున అతడు ఆకాశంలోనే లేడు. కాఫీ కప్పు వెనక నుంచి తానన్న మాట గుర్తొచ్చి ఆయన చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరూ లేకపోయినా చుట్టూ ఒకసారి చూసుకున్నారు. బెలూన్ల జాబితా చూస్తే ఆ పూట ఏదీ ఎగరలేదు. రాడార్ కాగితంలో, రోజూ వచ్చే సరుకుల విమానం అయిదూ నలభై మూడుకి నేల మీద దిగింది. అయిదూ యాభైకి ఎదురుగా ఉన్న గళ్ళన్నీ తెల్లగా, ఆరిన దుప్పటిలా ఖాళీ.

ఆయన రెండు రోజులు అవే కాగితాలు తిరగేశారు. పెట్టె అడుగున కాగితం చుట్టిన ముద్ర ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించేది. మూడో రోజు గోడ గడియారం గుర్తొచ్చింది.

అది ఆయన పెట్టిందే. పెళ్ళైన కొత్తలో, ఆఫీసుకి ఆలస్యం కాకూడదని, ఇంటి గడియారాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పి అలాగే ఉంచేశారు. అంటే ఆవిడ చూసిన అయిదూ యాభై, అసలు అయిదూ నలభై! దిగడానికి ఎదురుగా వచ్చే విమానం ముందు దీపం, కదలకుండా వేలాడుతున్నట్టే కనబడుతుంది. గాలి అటు వీస్తే చప్పుడు కూడా రాదు. మలుపు తిరిగితే పక్కకి జారినట్టే ఉంటుంది. అన్నీ గుండీకి కాజాలా అమిరిపోయాయి.

"ఖాయమేనా గుమాస్తాగారూ?" అంది ఆఫీసరమ్మాయి.

"ఖాయం మేడమ్. గడియారం నాదే," అని ఆయన 'విమానం' ముద్ర చప్పుడయ్యేలా కొట్టారు. ఫలకం బతికిపోయింది. ఆ సంబరంలో తపాలాకి ఇవ్వకుండా, జవాబు జేబులో పెట్టుకుని తానే ఇంటికి తీసుకెళ్ళారు. ఆవిడ మొహం చూడాలని.

ఆవిడ మిషను ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, రెండు పేరాలూ నిదానంగా చదివారు. "సాక్షి ఇంటి గడియారం పది నిమిషాలు ముందు నడుస్తున్నందున" అన్న చోట వేలు ఆగింది.

"ఆ పది నిమిషాలు నేను తీసేశాను."

"ఏమిటి తీసేశావు?"

"తీసేసే అయిదూ యాభై అని చెప్పాను. అప్పుడు గోడ మీద ఆరయింది."

ఆయన తెల్లమొహం వేశారు. "నువ్వు... తీసేస్తావా?"

"పెళ్ళైన రెండో వారం నుంచీ తీసేస్తూనే ఉన్నాను. ఈ ఇంట్లో ఆ గడియారాన్ని నమ్మి పరిగెత్తేది మీరొక్కరే."

"అయినా... విమానం..."

"ఆ విమానం సంగతి నాకు చెబుతున్నారా? అది మన మేడ మీదుగా పోతే తడి బట్టలకి కిరసనాయిలు వాసన పట్టేస్తుంది. అందుకే రోజూ అది దిగేదాకా మెట్ల దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడతాను. చక్రాలు నేలకి తగిలిన చప్పుడు విన్నాకే పైకి వెళ్తాను. మీ చొక్కాలు ఏనాడైనా కిరసనాయిలు కొట్టాయా?"

కొట్టలేదు. ఇన్నేళ్ళుగా ఆయన ఎక్కిన ప్రతి మెట్టూ, తెరిచిన ప్రతి ఫైలూ, ఎండా సబ్బూ కలిసిన వాసనతోనే గడిచింది. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. అదీ తనకి తెలిసిన విషయమే అనుకున్నారు.

ఆవిడ కాగితాన్ని మడతల వెంబడే మడిచి తిరిగి ఇచ్చారు. "అదేమిటో చెప్పమని నేను అడగలేదండీ. చూశానని రాయమన్నాను. రాయలేకపోతే వద్దు. తప్పు మాత్రం రాయకండి." మిషను మళ్ళీ కదిలింది.

మర్నాడు శుక్రుడుగారు అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఆ ముద్ర తీశారు. చుట్టిన కాగితం వేళ్ళ మధ్యే పొడి అయింది. రబ్బరు బిగుసుకుపోయి సిరా పట్టలేదు. మొదటిసారి కొడితే మంచులో రాసినట్టు మసకగా పడింది. నోటి ఆవిరి ఊది, రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి మళ్ళీ కొట్టారు. తెలియదు.

ఆఫీసరమ్మాయి గుమ్మంలో నిలబడిపోయింది. "సార్, ఫలకం చెక్కించేశారు కదా."

"ఇత్తడే కదా మేడమ్. ఆ రెండో మాట మీద చిన్న రేకు ముక్క కొట్టేస్తే కనబడదు."

"బాధగా లేదా?"

"బాధ కాదు. సిగ్గు. సాక్షులందరిలోకీ సరైన సాక్షికి అందరికన్నా తొందరగా జవాబు చెప్పాను, అదీ నోటితో."

ఈసారి జవాబు తపాలాలోనే వెళ్ళింది. రేకు ముక్క కొట్టిన ఫలకమూ, అదీ ఒకే రోజు ఇల్లు చేరాయి. ఫలకాన్ని ఆవిడ గోడ గడియారం కింద తగిలించారు. ఉత్తరాన్ని మాత్రం రెండుసార్లు చదివి గుండీల డబ్బాలో పెట్టుకున్నారు. ఆధారాలు యజమానికి తిరిగి ఇచ్చెయ్యాలని నిబంధన ఉండటంతో కవరులో గుండీ కూడా వచ్చింది.

"ముద్ర వంకరగా పడింది," అన్నారు ఆవిడ.

"అలవాటు లేదు," అన్నారు ఆయన.

ఉద్యోగం లేని మొదటి ఉదయం, గడియారం ఏమంటోందో చూడకుండా, ఆయన మెట్ల దగ్గరికి వచ్చి బకెట్టు అందుకున్నారు. ఇద్దరూ నిలబడ్డారు. విమానం మేడ మీదుగా పోయింది. చాలా దూరంలో చక్రాలు నేలను తాకాయి. ఆవిడ తల ఊపాక పైకి ఎక్కారు.

నీళ్ళ ట్యాంకు పైన ఆకాశం లేత బూడిద రంగులో, ఇంకా ఎవరూ కత్తిరించని గుడ్డలా పరుచుకుని ఉంది. ఆయన మెడ వెనక చెయ్యి వేసుకుని, అంగుళం అంగుళంగా తల ఎత్తారు. జేబులోంచి గుండీ తీసి, చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, ట్యాంకు పైన పట్టుకున్నారు.

"కొంచెం ఎడమకి," అన్నారు ఆవిడ. "ఆఁ, అక్కడే. ఏమైనా ఉందా?"

"లేదు."

"రేపు చూద్దురుగాని. ముందు ఆ దుప్పటి రెండో కొస పట్టుకోండి."