పరారుణ ఫోటోలో ఈరన్న సీడ్ పత్తి

కొత్త జిల్లాలు ఏర్పడిన తరువాత వచ్చిన రెండో వానాకాలంలో నన్ను వనపర్తి నుంచి గద్వాలకు ప్రభుత్వ ఫోటోగ్రాఫర్‌గా బదిలీ చేశారు. సభలు, ప్రారంభోత్సవాలు తీయడం నా విధి. సెలవు రోజుల్లో పరారుణ కాంతిలో పొలాలు, గుట్టలు తీసేవాణ్ణి. కెమెరా సెన్సర్ ముందు ఆ కాంతిని ఆపే గాజుపలకను తీయించి, లెన్సుకు ముదురు ఎరుపు ఫిల్టరు బిగిస్తే కంటికి కనబడని వెలుగు నమోదవుతుంది. పచ్చని ఆకు ఆ వెలుగును బాగా వెనక్కు పంపుతుంది కనుక సున్నం వేసినట్టు తెల్లగా వస్తుంది.

కార్యాలయ ప్రదర్శనకు ఒక పత్తిచేను ఫోటోను, అదే చోట తీసిన మామూలు ఫోటోతో జతచేసి, వివరం రాసి ఇచ్చాను. పై అధికారి వివరాన్ని, మామూలు ఫోటోను పక్కన పెట్టి తెల్లదాన్నే వేలాడదీయించారు. రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపాను. జవాబు రాలేదు. కొద్ది రోజులకే అది పత్తికి తెగులు సోకిందన్న మాటతో ఫోన్లలో తిరిగింది.

ఆ చేను ఈరన్నది. కంపెనీ కోసం విత్తనపు పత్తి వేశాడు. రైతుకూ కంపెనీకీ నడుమ ఉండే ఆర్గనైజర్ చేనును వదిలేస్తే ఆ విత్తనం కొనేవాడు లేడు. ఈరన్న, భార్య జయమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"ఏంది సారూ గిది? పచ్చటి చేనును గిట్ల జేసిండ్రు! ఆర్గనైజర్ రానంటుండు," అన్నాడు ఈరన్న.

"సారు కెమెరాకు కండ్లు పోయినయి. దవాఖానకు తోల్కపో," అంది జయమ్మ.

నేను బతిమాలితే ఆర్గనైజర్ చేనుకు వచ్చాడు. పచ్చదనాన్ని చూసి కూడా, "లోపల రోగముంటే పైకి తెల్వదు. మిషిన్ల కనబడ్డది గదా," అన్నాడు. మళ్లీ తీసి చూపిద్దామంటే మబ్బు పట్టింది. నిండు ఎండ లేకపోతే ఆకు అంత తెల్లగా రాదు. అతను బండి తాళం చేతిలో ఆడిస్తున్నాడు. ఈరన్న ఆకాశం వైపే చూస్తున్నాడు.

ఎండ రాగానే ఆర్గనైజర్‌ను వేపచెట్టు పక్కన నిలబెట్టి, వెనుక చేనంతా వచ్చేలా తీశాను. తెరమీద చేనుతో పాటు ఏ తెగులూ లేని వేప కూడా తెల్లగా ఉంది. అతని నల్ల ప్యాంటూ తెల్లబడింది. కొన్ని రంగుల బట్టలు ఈ కాంతిలో అలాగే వస్తాయి.

జయమ్మ తొంగిచూసి, "అన్నా, నీ ప్యాంటుకు గూడ తెగులు తగిలింది! మందు కొట్టమంటవా?" అంది.

అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. చేనులో పల్లపు మూల ఒకటి బూడిదరంగులో వచ్చింది. వాడిన ఆకు ఆ వెలుగును అంతగా వెనక్కు పంపదు. నడిచివెళ్లి చూస్తే అక్కడ నీరు నిలిచి మొక్కలు వాడుతున్నాయి. ఈరన్న వంగి ఒక మొక్కను పీకి వేరు చూశాడు.

ఆర్గనైజర్ ఆ మూల చుట్టూ తిరిగి, "గీ మూల తీసెయ్, ఈరన్నా. కడమ చేను ఉంచుత. రేపు కూలీలను పెట్టుకో," అన్నాడు.

అప్పటి నుంచి మామూలు ఫోటోను, పరారుణ ఫోటోను ఒకే కాగితంపై, వివరంతో సహా ముద్రించకుండా ఎవరికీ ఇవ్వలేదు. ఈ అభిరుచి మొదలుపెట్టేవారు కూడా అలాగే చేయాలి. ఫోటోలో తెల్లదనాన్ని మెచ్చుకునే ముందు, ఆకు ఉండవలసిన చోట తెల్లబడని భాగమేదో చూడాలి. చూసి, అక్కడికి నడిచి వెళ్లాలి.