గుమ్మం దగ్గర చెప్పులు

ఇమ్మిగ్రేషన్ ఆఫీసు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేది జ్ఞానప్రసూన ఒక్కతే. గుడికొచ్చినట్టు చున్నీ నిండా కప్పుకుని, కౌంటరు ముందు వేళ్ళు నులుముకుంటూ నిలబడుతుంది. శ్రీకాకుళం నుంచి మలేషియాలోని సుంగై పెటానికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఏటా ఇదే వరస. భర్త పక్కన లేనిదే వీసా పొడిగించరు. ఈసారి రవిచంద్రన్‌కు ఫ్యాక్టరీలో సెలవు దొరికేసరికి రేపటితో గడువు ఆఖరు. ఇంకో ఏడాది ఇచ్చామని కౌంటరులో అమ్మాయి చెప్పగానే జ్ఞానప్రసూన పాస్‌పోర్టు గుండెకు హత్తుకుని, మొగుడికన్నా ముందే ఎండలో కారు దాకా వచ్చేసింది.

"సెప్పులేవే?" అన్నాడు అతను వెనకాలే వచ్చి.

"అక్కడే ఒగ్గేసినాను లా!" అని మలేషియా వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి పకపకా నవ్వింది. అప్పటిదాకా కాళ్ళు కాలుతున్న సంగతే ఆమెకు తెలియలేదు.