కోతల నాటి క్యారేజీ

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. అంగన్‌వాడీ టీచరమ్మ మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక నన్ను కూర్చోబెట్టి పలక మీద దిద్దించింది. పేపరు చదవడానికి రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత ఐదేళ్లు కనపడిందల్లా చదివాను. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి, చదివిందాకా పారేసేదాన్ని కాదు.

పోయినేడు ఎండాకాలంలో లైను మధ్యలో అక్షరాలు మాయమవడం మొదలైంది. అద్దాలు మార్చుకుంటే పోతుందిలే అనుకుని నరసరావుపేటలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్న పిల్ల. లైటు వేసి చానాసేపు చూసింది.

"అద్దాలతో పోయేది కాదమ్మా. షుగరుకి కంటి వెనక సన్న నరాలు చెడిపోతున్నాయి. ఎడమ కన్ను చానావరకు పోయింది. షుగరు దిగకపోతే కుడిదీ అంతే."

"అంతే అంటే?"

"చదవలేరు."

దాచకుండా చెప్పింది. అది నాకు నచ్చింది. నాకు షుగరుందని అప్పటికి నాలుగేళ్లుగా తెలుసు. మాత్ర మింగుతున్నాను గదా అని ఊరుకున్నాను.

ఎడమ కంట్లో సూదిమందు వేశారు. షుగరు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె రెండు మాటలు చెప్పింది: రోజూ నడవండి, అన్నం తగ్గించండి. మొదటి మాట విన్నాను. రెండోది నా చెవికి ఎక్కలేదు.

మా ఆయన పోయాక నూజెండ్ల దగ్గర చేను కౌలుకిచ్చి నరసరావుపేటలో కొడుకు దగ్గరికి వచ్చాను. నలభై ఏళ్లు మిరప చేలో వంగిన నడుం నాది. నడక ఒక పనా అనుకున్నాను. పక్కింటి వదినతో కలిసి తెల్లారే కాలేజీ గ్రౌండుకి పోయి గంటసేపు తిరిగేదాన్ని. ఒళ్లంతా చెమట. ఇంటికి రాగానే, "నడిచొచ్చానమ్మా, పెట్టు" అని కోడల్ని కేకేసేదాన్ని.

మిరపకోతల్లో మాకు అదే అలవాటు. మూడు గిన్నెల క్యారేజీ. కింద రెండింట్లో అన్నం, పైదాంట్లో పండుమిరపకాయ పచ్చడో పప్పో. పది గంటలకు గట్టు మీద విప్పితే కూలి ముఠా ఆడాళ్లంతా ఒకరి గిన్నెలు ఒకరు చూసేవాళ్లు. ఎవరన్నా చిన్న గిన్నె తెస్తే, "ఇంత తినేది ఏం కోస్తదే!" అని ఎగతాళి. తక్కువ తినడమంటే పనికి రానిదని మాకు లెక్క. చెమట పట్టాక కడుపు నిండా తినాలి. అదే నాలో ఉండిపోయింది.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. షుగరు దిగకపోగా పెరిగింది. డాక్టరమ్మ మీద గొడవకి దిగాను.

"నడవమన్నావు, నడిచా. మీ మిషనే చెడింది."

"తిండి ఎంత తింటున్నారు?"

"కడుపుకి పట్టినంత."

కప్పులంది, గ్రాములంది. నాకు ఆ కొలతలు తెలియవు. మర్నాడు ఆ క్యారేజీనే నింపుకుని పోయి ఆమె బల్ల మీద విప్పాను. గదంతా పచ్చడి ఘాటు. ఆమె గిన్నెల వంక చూసింది.

"ఇది ఇంట్లో అందరికా?"

"నా ఒక్కదానికే. పొద్దున పూటకి."

ఆమె నవ్వలేదు. "పొద్దస్తమానం వంగి కోసినప్పటి తిండమ్మా ఇది. గంట నడిచి ఇదంతా తింటే ఆ నడిచింది ఏమైపోవాలి?"

గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి మూత బిగించాను. ఆమె మాత్ర మార్చి రాసింది. ఆ రోజు నుంచి ఒక్క గిన్నెకి దిగాను. అందులోనూ సగమే అన్నం, మిగతా సగం ఆకుకూర, అలసందలు, గుడ్డు. మొదటి పది రోజులు ఊరికే కోపం వచ్చేది. కోడలు పలకరిస్తే కసురుకున్నాను.

తర్వాత కొన్ని సంగతులు నాకే తెలిశాయి. సాయంత్రం తేలిగ్గా తింటే పొద్దున్నే కాళ్లు వాటంతటవే లేచేవి. నడిచిన రోజు జంతికల డబ్బా మీదికి చెయ్యి పోయేది కాదు. ఒకసారి మూడు రోజులు ముసురు పట్టి నడక ఆగింది. డబ్బా ఖాళీ చేశాను. నాలుగో రోజు ఎండ కాసింది, నేను మంచం దిగలేదు. తిండికి నడక, నడకకి తిండి. ఒకటి పట్టు తప్పితే రెండోదీ తప్పుతుందని నాకు ఏ పేపరూ చెప్పలేదు.

నేను చిక్కిపోయాను. గ్రౌండులో గుసగుసలు మొదలైనయ్. ఒకరోజు కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. "అత్తయ్యా, మీకు నేను తిండి పెట్టట్లేదని అంటున్నారు." అన్నది మా వదినే. మర్నాడు గ్రౌండులో అందరి ముందూ నిలేశాను.

"ఏమొదినా, మా కోడలు పెడతంది, నేనే తినట్లా. నా కన్ను పోతే నువ్వొచ్చి పేపరు చదివి పెడతావా?"

"ఏందే, ఊరికే అన్నాలే! చిక్కి పుల్లయిపోతివని నా బాధ."

"చిక్కితే చీర కుచ్చిళ్లు ఎక్కువొస్తయ్. నువ్వు నడువు."

ఏడాది గడిచింది. షుగరు దిగింది. కళ్ల డాక్టరు మళ్లీ లైటు వేసి చూసింది. "కుడి కన్ను అట్లాగే నిలిచింది. ఎడమదాంట్లో పోయింది మాత్రం తిరిగి రాదమ్మా."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నాలుగేళ్ల ముందే నా తిండి నేను చూసుకుని ఉంటే రెండు కళ్లతో చదివేదాన్ని. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడే రాస్తున్నాను. ఇప్పుడు ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చదువుతాను. ఒక పేజీ అయ్యేసరికి నీళ్లు కారతయ్. ఆగి, మళ్లీ చదువుతాను.

మొన్న వదిన ఒక కాగితం తెచ్చింది. ఆమెకు చదువు రాదు. కళ్లు తిరుగుతున్నాయని రక్తం పరీక్ష చేయించుకుందట.

"ఏముందే దాంట్లో?"

చదివాను. "షుగరు. ఎక్కువే ఉంది."

"ఎక్కువంటే? నీకున్నంతా?"

"అంతే. నాలాగా నాలుగేళ్లు ఆగుతావా, రేపట్నుంచే గిన్నె తగ్గిస్తావా?"

 వదిన కాగితం మడిచి బొడ్లో దోపుకుంది.