గుండు ఎంత లోపలికి

నిన్న మిషన్లు బాగుచేసే అతను వచ్చి మా కుట్టుమిషనుకు నూనె వేసి వెళ్ళాడు. కాస్త ఘాటైన ఆ వాసన సాయంత్రం దాకా వరండాలోనే ఉండిపోయింది. అది ముక్కుకు తగిలితే చాలు, నరసరావుపేటలో సుశీలమ్మ డాక్టరుగారి మేడమీద గది నాకు గుర్తొస్తుంది.

ఎనభైల మొదట్లో ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేరాను. ఆవిడ గురించి రోగులకు తెలియని సంగతి ఒకటుంది. మిలిటరీలో పనిచేసిన తండ్రి పోయాక ఆయన రైఫిల్‌ను లైసెన్సుతో సహా తన పేరున మార్పించుకుని, గురిపోటీలకు వెళ్ళేది. అనుమతి తీసుకుని తూటాలు కూడా తనే తయారు చేసుకునేది. రైఫిల్ పట్టుకున్న ఆడమనిషిని నేను అంతకుముందు చూడలేదు. చూస్తాననీ అనుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పైకి పిలిచింది. గదంతా రైఫిలుకు పూసిన నూనె వాసన. బల్ల మీద తుపాకిమందు పోసిన ఇత్తడి తూటా కేసులు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మూతిలో గుండు కూర్చోబెట్టి, చేతిమిషను పిడి నొక్కి, తీసి కొలుస్తోంది.

"ఏందమ్మా, అంతగా కొలుస్తున్నారు?" అన్నాను.

"గుండు కేసులోకి ఎంత లోతు దిగాలో తేల్చుకోవాలే షంషాద్. నాన్న రైఫిలు పాతబడింది. బ్యారెల్ లోపల గుండును తిప్పే గాట్లు మొదలయ్యే చోటు అరిగిపోయింది. గుండు కాస్త పైకి ఉంటే ఆ గాట్లకు దగ్గరవుద్ది. తిన్నగా పోద్ది."

తర్వాతి వారం కొండవీడు అవతల కాల్పుల రేంజికి నన్నూ తీసుకెళ్ళింది. ఒక్కో లోతు తూటాలను ఒక్కో కాగితం మీద కాల్చింది. మొదటి కాగితంలో చిల్లులు చెదిరి పడ్డాయి. గుండు పైకి వచ్చేకొద్దీ అవి దగ్గరకు జరిగాయి. గాట్లను తాకేలా కూర్చోబెట్టిన గుండ్లన్నీ ఆఖరి కాగితంలో కలిసి ఒకటే చిల్లు చేశాయి. దాని మీద రూపాయి బిళ్ళ పెడితే చిల్లు కనపడకుండా పోయింది. వెంట్రుకవాసి తేడాను పట్టుకుని ఒక మనిషి అంత దూరాన ఇంత పని చేయగలదా!

అయినా పోటీకి ఆవిడ ఆ లోతు ఎంచుకోలేదు. గుండును ఇంకాస్త లోపలికి దింపింది.

"అదేందమ్మా, చానా బాగా పడ్డదాన్ని వదిలేశారు?"

"గాట్లలో బిగుసుకున్న గుండు కాల్చకుండా తియ్యాలంటే రాదే. నాకు వెనక్కి వచ్చేది కావాలి."

"కాల్చడానికేగా పెట్టేది?" అన్నాను. ఆవిడ నవ్వి, ఇంకో గుండు అందుకుంది.

గుంటూరులో పోటీ. రాష్ట్ర జట్టులో మిగిలింది ఒక్క చోటే. సుశీలమ్మగారి పక్కన మాచర్ల కుర్రాడొకడు అద్భుతంగా కాలుస్తున్నాడు. సగంలో ఉండగా, గురికాగితాల వెనక దిబ్బ మీదికి మేకలు ఎక్కాయి. వాటి వెంట ఒక ముసలామె. ఆఫీసరు ఈల వేసి, అందరినీ తూటాలు తీసెయ్యమని అరిచాడు. సుశీలమ్మగారు రైఫిలు బోల్టు వెనక్కి లాగింది. తూటా మొత్తంగా బయటికి వచ్చింది. కుర్రాడికి మాత్రం ఉత్త కేసే ఊడొచ్చింది. గుండు బ్యారెల్లో ఇరుక్కుపోయి, మందు రైఫిల్ లోపలంతా ఒలికింది. అతను తల పట్టుకుని కూలబడ్డాడు.

ఆవిడ తన వంతు ముగించి, ఆఫీసరును అడిగి, రైఫిలూ తన తూటాలూ అతని ముందు పెట్టింది. "కాల్చు బాబూ" అంది. అతను కాల్చాడు. ఆవిడను దాటిపోయాడు. ఆ చోటు అతనికే దక్కింది.

"మీరు గుండు లోపలికే దింపుకున్నారు. ఇట్లా అవుద్దని మీకు ముందే ఎట్లా తెలిసిందమ్మా?" అని కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు.

"నాకేం తెలుసు? భయమేసింది, అంతే" అంటూ అతని భుజం పట్టి లేపింది. కారెక్కగానే కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయింది. నేను దారిపొడుగునా ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు గురజాలలో ఒక కాన్పుల వార్డు నా చేతిలో ఉంది. కాన్పు కష్టమయ్యేలా ఉందనిపిస్తే, ఇంకాసేపు చూద్దామని ఇంటివాళ్ళు బతిమాలినా వినను. సమయం చేతిలో ఉండగానే పెద్దాసుపత్రికి పంపిస్తాను. ఒక్కోసారి అక్కడికి చేరగానే మామూలుగానే ప్రసవం అయిపోతుంది. "ఊరికే హడలిపోయావక్కా" అని కుర్ర నర్సులు నవ్వుతారు. నేను కాదనను. నాలుగు రోజులకు బిడ్డను ఎత్తుకుని ఆటో దిగే ఆ తల్లిని చూశాక, వాళ్ళతోపాటు నేనూ నవ్వుతాను.